పిట్ట గూడు, పిట్టగోడ

(తెలుగు క్రైస్తవ యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మనం ధ్యానించబోయే వాక్యభాగం ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం, 6 నుంచి 8 వచనాలు. మూడే వచనాలు. ప్రసంగాల్లో వీటిని అరుదుగా వింటాం. మొదటి రెండు వచనాల్లో ఒక పిట్ట గూడు సంగతి ఉంది. దారిలో గూడు కనబడింది, తల్లి పిట్ట గుడ్ల మీదనో పిల్లల మీదనో కూర్చుని ఉంది. అప్పుడు తల్లినీ పిల్లలనూ కలిపి పట్టుకోకూడదు, తల్లిని విడిచిపెట్టాలి. మూడో వచనంలో కొత్త ఇల్లు కట్టేవాడి సంగతి ఉంది. వాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టి తీరాలి. కట్టకపోతే, ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తదోషం ఆ ఇంటిమీదికే వస్తుంది.

పిట్ట గూడుకీ పిట్టగోడకీ సంబంధం ఏమిటి? తెలుగులో మాటలు కలిశాయి గాని, హెబ్రీలో ఆ కలయిక లేదు. అయినా భావం ఒకటే. నీకు ఆహారం కావాలి, ఇల్లు కావాలి, దేవుడు కాదనలేదు. కానీ నీ పని వల్ల ఎవరి ప్రాణానికి ముప్పు వస్తుందో ముందే చూసుకోమన్నాడు. ప్రమాదం జరిగాక ఏడవడం కాదు, జరగక ముందే గోడ కట్టడం ధర్మశాస్త్రం అడిగే నీతి.

ఈ మూడు వచనాలను చేత పట్టుకుని మనం ఒక టెండరు కాగితం చదవబోతున్నాం. పాస్టరు గారు టెండర్ల గురించి మాట్లాడతారేమిటని కొందరు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

సముద్రతీరంలో ప్రభుత్వాలు రక్షిత ప్రాంతాలుగా ప్రకటించిన చోట్లు ఉన్నాయి. మడ అడవులు, ఉప్పుటేరులు, బురద మైదానాలు, పక్షుల అభయారణ్యాలు. వాటిలోకి పరాయి మొక్కలు చొరబడి స్థానిక మొక్కలను అణచేస్తున్నాయి. వాటిని తొలగించడానికి ప్రపంచమంతటా ప్రభుత్వాలు కాంట్రాక్టులు ఇస్తున్నాయి. కొన్ని చోట్ల పీకిస్తారు, కొన్ని చోట్ల కలుపు మందు కొట్టిస్తారు. ఆ కాంట్రాక్టులో ఎన్ని ఎకరాలు, ఎన్ని రూపాయలు, ఎన్ని రోజులు అన్నవి తప్పకుండా ఉంటాయి. గూడు ఉందా? పిట్టగోడ ఉందా? ఈ రాత్రి మన ప్రశ్న ఇదే.

ముందు దూరపు ఉదాహరణ ఒకటి చూద్దాం. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున ఫ్రీమాంట్ అనే ఊరు ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మీ బంధువులు కూడా ఉండవచ్చు. 1970లలో ఆ ఊరి దగ్గర పాత ఉప్పుమడులను తిరిగి చిత్తడి నేలగా మార్చడానికి అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం అట్లాంటిక్ తీరం నుంచి స్పార్టినా అనే గడ్డిని తెచ్చి నాటింది. ఉద్దేశం మంచిదే. ఒడ్డు కోతను ఆపాలి, నేలను నిలబెట్టాలి. కానీ ఆ గడ్డి అక్కడి స్థానిక స్పార్టినాతో కలిసి ఒక సంకర జాతిని పుట్టించింది. అది తల్లిదండ్రులిద్దరి కంటే ఉధృతంగా పెరిగింది. తీరపు పక్షులు మేత ఏరుకునే బురద మైదానాలను కప్పేసింది. వరద కాలువలను పూడ్చింది.

2000 సంవత్సరంలో కాలిఫోర్నియా రాష్ట్ర తీర సంరక్షణ సంస్థ దీని నిర్మూలనకు ఒక పథకం మొదలుపెట్టింది. చేతితో పీకడం, గుడ్డ కప్పడం ప్రయత్నించారు. వందల ఎకరాల బురదలో అవి చాలలేదు. 2005లో ఇమజాపిర్ అనే కలుపు మందును నీటి ప్రాంతాల్లో వాడడానికి ఆ రాష్ట్రంలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత పని వేగం అందుకుంది. సముద్రం వెనక్కి తగ్గిన కొద్ది గంటల్లోనే మందు కొట్టాలి. కాంట్రాక్టు బృందాలు వీపు పంపులతో నడిచి, నీటిలోనూ బురదలోనూ పోయే వాహనాల్లో, కొన్నిచోట్ల హెలికాప్టర్లతో కొట్టాయి. తీవ్రంగా ఉన్న రోజుల్లో సుమారు 800 ఎకరాలను కప్పిన గడ్డి 95 శాతానికి పైగా తగ్గిపోయింది.

ఇంతవరకు విజయగాథే. ఇప్పుడు గూడు సంగతి వినండి. ఆ అఖాతంలో రిడ్జ్‌వేస్ రెయిల్ అనే పక్షి ఉంది. మన నీటికోడి కుటుంబానికి చెందినది, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నది. మనుషులు దాని పాత చిత్తడి నేలలను చాలావరకు పూడ్చేశారు, ఉప్పుమడులు చేసేశారు. దిక్కులేని ఆ పక్షి ఏం చేసింది? ఎత్తుగా, దట్టంగా పెరిగిన ఆ పరాయి గడ్డిలోనే దాక్కుంది, అందులోనే గూడు కట్టుకుంది. గడ్డి పోయేకొద్దీ కొన్నిచోట్ల పక్షుల లెక్క కూడా పడిపోయింది. చివరికి 2011 నుంచి కొన్ని స్థలాల్లో మందు కొట్టడం ఆపవలసి వచ్చింది. ముందు స్థానిక గడ్డినీ పొదలనూ లక్షల సంఖ్యలో నాటారు. ఆటుపోట్లకు తేలే చిన్న చిన్న కృత్రిమ దిబ్బలు పెట్టారు, పక్షి తల దాచుకోవడానికి. పక్షికి వేరే ఇల్లు సిద్ధమయ్యాకే పాత ఇంటిని తీయాలన్న బుద్ధి అలా ఆచరణలోకి వచ్చింది.

గమనించండి, ఆ గడ్డి చెడ్డది కాదని ఎవరూ అనలేదు. దాన్ని తీయవలసిందే. కానీ గూడు ఉన్నప్పుడు తీసే పద్ధతి మారాలి, తీసే కాలం మారాలి, తీసే వరుస మారాలి. ద్వితీయోపదేశకాండము చెప్పింది కూడా అదే కదా.

ఇక్కడ మత్తయి 13వ అధ్యాయంలోని గురుగుల ఉపమానం మీకు గుర్తొచ్చే ఉంటుంది. ఇంటి యజమాని మంచి విత్తనం విత్తాడు, శత్రువు గురుగులు విత్తాడు. దాసులు ఇప్పుడే పీకేస్తామన్నారు. యజమాని వద్దన్నాడు, గురుగులతో పాటు గోధుమలు కూడా ఊడి వస్తాయని. పొలం ఈ లోకమనీ, విత్తనాలు మనుషులనీ యేసు ప్రభువే వివరించాడు. కాబట్టి ఇది వ్యవసాయ పాఠం కాదని మాకు తెలుసు. అయినా ప్రభువు ఎంచుకున్న పోలిక పొలం ఎరిగిన మనిషి పోలిక. ఆ గురుగు మొక్క లేతగా ఉన్నప్పుడు అచ్చం గోధుమలాగే కనిపిస్తుంది. కాలిఫోర్నియా స్పార్టినా కథలోనూ అంతే జరిగింది. సంకర గడ్డికీ స్థానిక గడ్డికీ తేడా కంటికి తెలియక, ఆకు ముక్కను ప్రయోగశాలకు పంపి జన్యు పరీక్ష చేయించి, ఆ తర్వాతే మందు కొట్టవలసి వచ్చిన చోట్లున్నాయి. దాసుల తొందరకూ యజమాని ఓపికకూ మధ్య ఉన్న తేడా ఇదే. యజమాని గురుగులను కాపాడలేదు, కోత కాలం వస్తుందన్నాడు. ఆయన కాపాడింది గోధుమలను.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. మనలో చాలామంది తరాల క్రితమే తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం ప్రాంతాల్లో స్థిరపడిన కుటుంబాల వారం. ఏ ఊరి నుంచి వచ్చినా ఒక చెట్టు మనందరికీ తెలుసు. తెలుగులో సర్కారు తుమ్మ అంటాం, కొన్నిచోట్ల కంపచెట్టు అంటాం. తమిళంలో సీమై కరువేలం, కన్నడంలో బళ్ళారి జాలి. శాస్త్రీయ నామం ప్రొసోపిస్ జూలిఫ్లోరా. దీని సొంత ఊరు మధ్య, దక్షిణ అమెరికా. 1870లలో మద్రాసు అటవీ అధికారి బెడోమ్ కోరిక మీద జమైకా నుంచి విత్తనాలు తెప్పించారు. మన కడప ప్రాంతంలో కమలాపురం మైదానాల్లో నాటించారు. కరువు నేలకు వంటచెరకు కావాలన్నది ఆలోచన. ప్రజలు పెట్టిన పేరులోనే చరిత్ర ఉంది. సర్కారు తెచ్చింది కాబట్టి సర్కారు తుమ్మ.

వేళాంగణ్ణి యాత్రకు వెళ్లినవారు మనలో ఉన్నారు. అక్కడి నుంచి తీరం వెంట ఇంకా దక్షిణానికి పోతే వేదారణ్యం వస్తుంది. 1930లో రాజాజీ ఉప్పు సత్యాగ్రహం చేసిన చోటు. దాని చివర కోడియక్కరై. 1967 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేల. కృష్ణజింకలు తిరిగే గడ్డి మైదానం, రాజహంసలు దిగే ఉప్పుటేరు అక్కడున్నాయి. ఆ గడ్డి మైదానంలోకి సర్కారు తుమ్మ చొరబడింది. తియ్యటి కాయలను పశువులు, గుర్రాలు, జింకలు తింటాయి. గింజలు అరగకుండా పేడలో పడి మొలుస్తాయి. జింకకు బహిరంగ మైదానమే రక్షణ. శత్రువును దూరం నుంచి చూసి పరుగెత్తే జంతువు అది. కంప పెరిగేకొద్దీ దాని మేతా పోతుంది, చూపూ పోతుంది.

కాబట్టి తీయాలి. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2017లో ఈ చెట్లను తొలగించమని ఆదేశాలిచ్చింది. 2022లో తమిళనాడు ప్రభుత్వం దురాక్రమణ మొక్కల తొలగింపు మీద ఒక విధానాన్నే ప్రకటించింది. మన దగ్గర ఇంతవరకు ప్రధానంగా వాడుతున్నది యంత్రాలూ మనుషుల చేతులే. కానీ ఈ చెట్టును మొదలుకంటా నరికినా మళ్లీ చిగురిస్తుంది. అందుకే నరికిన మొద్దు మీద కలుపు మందు పూస్తే సరిపోతుంది కదా అన్న మాట ఎక్కడ తొలగింపు మొదలైనా వినిపిస్తుంది. పొలాల్లో కలుపు మందు వాడకం ఎంత పెరిగిందో మీకు తెలుసు. కూలి దొరకనిచోట మందు తేలిక, చవక. అదే ఆలోచన రక్షిత తీరాలకూ రావడానికి ఎంతో కాలం పట్టదు. వచ్చాక కాదు, రాకముందే మనం సిద్ధపడాలి.

చట్టం ఏమంటుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 32వ సెక్షను ఉంది. అభయారణ్యం లోపల వన్యప్రాణులకు హాని చేసే రసాయనాలు వాడడాన్ని అది నిషేధిస్తుంది. అంటే 'ఈ మందు ఇక్కడ హాని చేయదు' అని చూపించవలసిన బాధ్యత వాడాలనుకునేవారి మీదే ఉండాలి. హాని జరిగిందని చేపలు పట్టేవారు, పీతలు ఏరుకునే ఆడవాళ్లు నిరూపించాలని అడగడం న్యాయం కాదు. బురదలో కొట్టిన మందు బురదలోనే ఉండిపోతుందని సముద్రానికి ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేరు.

ఇది గూడు సంగతి. ఇప్పుడు పిట్టగోడ దగ్గరికి రండి, ఇది ఇంకా దగ్గరి విషయం.

మందు ఎవరు కొడతారు? టెండరు వేసిన పెద్దమనిషి కొట్టడు. ఆయన ఒక మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ పేటకు వస్తాడు. ఏ పేటకు వస్తాడో మీకు తెలుసు. తమిళనాడు ఊళ్లలో పారిశుద్ధ్యం పనిలో ఉన్న తెలుగు మాట్లాడే అరుంధతీయుల పేటలకు వస్తాడు. బెంగళూరులో తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు ఇళ్లవారు ఎంతమందో చూడండి. ఎవరూ చేయని పని, వాసన కొట్టే పని, ప్రమాదమున్న పని మొదట ఎవరి గుమ్మం తడుతుందో మన సంఘాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన సంఘాల్లో ఎక్కువమంది ఆ గుమ్మాల నుంచే వచ్చారు.

కలుపు మందు మనిషికి ఏం చేయదని అమ్మేవారు అంటారు. అందులో కొంత శాస్త్రం ఉంది. గ్లైఫోసేట్ గాని, ఇమజాపిర్ గాని మొక్కల్లో ఉండే ఒక ప్రక్రియను అడ్డుకుంటాయి. మన శరీరంలో ఆ ప్రక్రియ లేదు. కానీ డబ్బాలో ఉండేది ఆ ఒక్క రసాయనమే కాదు, ఆకుకు అంటుకోవడానికి కలిపే పదార్థాలూ ఉంటాయి. గ్లైఫోసేట్ మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో వర్గీకరించింది. అమెరికా పర్యావరణ సంస్థ మాత్రం ఆ అవకాశం లేదనే అంటోంది. పండితుల మధ్య ఈ వాదన నడుస్తుండగా రోజుకు ఎనిమిది గంటలు పంపు మోసే మనిషి ఎవరి మాట నమ్మాలి? పారాక్వాట్ అనే మరో కలుపు మందు విషయంలో వాదనే లేదు. అది కడుపులోకి వెళితే దానికి విరుగుడు లేదు.

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఆదిలాబాదుకు ఆనుకుని ఉన్న జిల్లా అది. అవి పురుగు మందులు, కలుపు మందులు కావు, ఆ తేడా మనం గుర్తుంచుకోవాలి. కానీ చేతులకు తొడుగు లేకపోవడం, ముక్కుకు గుడ్డ మాత్రమే ఉండడం, ఎండలో గాలికి ఎదురుగా కొట్టడం, ఏది ఎంత కలపాలో చెప్పేవారు లేకపోవడం మందు మారినంత మాత్రాన మారవు.

1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి కలుపు మందులు కూడా వస్తాయి. దాని కింద 1971లో వచ్చిన నియమాల్లో రక్షణ దుస్తులు, ముక్కుకు శ్వాస పరికరం, ప్రథమ చికిత్స, వైద్య పరీక్ష అన్నీ ఉన్నాయి. డబ్బా మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది. ఎరుపైతే అతి తీవ్ర విషం, పసుపైతే తీవ్రం, తర్వాత నీలం, ఆకుపచ్చ. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్‌ను లైసెన్సు ఉన్న చీడ నియంత్రణ నిపుణుల ద్వారా తప్ప ఎవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు మంచిదే. కానీ లైసెన్సు ఒకరి పేరున ఉండి, పంపు మరొకరి వీపున ఉంటే ఏమవుతుంది? గోడ కాగితం మీదే కట్టినట్టవుతుంది.

ఇంకో కన్నం కూడా చూడండి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు సంస్థే చెల్లించాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉండేది. అయితే ఆ చట్టం 20 మంది, అంతకుమించి కూలీలున్నచోటే వర్తించేది. 2020లో చేసిన కొత్త కార్మిక స్మృతి ఆ సంఖ్యను 50కి పెంచింది. మందు కొట్టే ముఠాలో ఎంతమంది ఉంటారు? ఎనిమిది, పది, మహా అయితే పదిహేను. అంటే చట్టపు పిట్టగోడ మొదలయ్యే చోటికి ముందే మన తమ్ముడు మిద్దె అంచున నిలబడి ఉన్నాడు. అందుకే మేము పదే పదే చెబుతున్నాం, చట్టం చేరని చోట టెండరు షరతు చేరాలి. పని ఇచ్చే శాఖ తన కాగితంలో ఒక్క వాక్యం రాస్తే చాలు, ఆ పదిమందికీ గోడ లేస్తుంది. ఆ వాక్యం రాయించడం సువార్త పనే.

యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో, పొలం కోసిన పనివారికి ఇవ్వని కూలి తానే మొర పెడుతోందని, ఆ కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడిందని ఉంది. కూలి అంటే డబ్బు మాత్రమేనా? పాడైన ఊపిరితిత్తి కూడా ఇవ్వని కూలే. సాయంత్రం మందు వాసనతో ఇంటికి వచ్చిన ఆ చొక్కాను ఉతికే చెల్లెలి చేతులు కూడా మొర పెడతాయి. ఖాళీ డబ్బా కడిగి నీళ్లు పట్టుకునే ఇల్లు కూడా మొర పెడుతుంది.

ఇంకా ఒకరిని మరిచిపోకూడదు. సర్కారు తుమ్మ మీద బతికేవారు. రామనాథపురం, శివగంగ, విరుదునగర్ జిల్లాల్లో ఈ చెట్టును కాల్చి బొగ్గు చేసుకుని వేల కుటుంబాలు బతుకుతున్నాయి. గ్యాసు సిలిండరు నింపుకోలేని నెలల్లో పేదింటి పొయ్యి దీనితోనే మండుతుంది. సర్కారు తెచ్చింది, పేదవాడు వాడుకోవడం నేర్చుకున్నాడు, ఇప్పుడు సర్కారే తీసేస్తానంటోంది. ఆ పక్షి పరాయి గడ్డిలో గూడు కట్టుకున్నట్టే పేదవాడు ఈ ముళ్లలో గూడు కట్టుకున్నాడు. జింక కోసం చెట్టు తీయండి, మంచిదే. కొట్టిన కట్టె ఎవరికి వెళుతుంది? వేలంలో పెద్ద వ్యాపారికా, ఆ ఊరి మహిళా సంఘానికా? బొగ్గు బట్టీ మీద బతికే మనిషికి తిరిగి మొక్కలు నాటే పనిలో మొదటి చోటు ఇస్తారా? పక్షి కోసం ముందుగా వేరే పొదలు నాటగలిగినవారు మనిషి కోసం నాటలేరా?

మందు లేకుండా కూడా దారులుంటాయని మన తీరమే చూపించింది. ఒడిశాలో చిలికా సరస్సు సముద్రంతో కలిసే ముఖం పూడిపోయి, ఉప్పదనం తగ్గి, మంచినీటి కలుపు విపరీతంగా పెరిగింది. 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2000లో సిపకుద దగ్గర కొత్త ముఖం తవ్వారు. సముద్రపు ఉప్పునీరు లోపలికి వచ్చింది, కలుపు తగ్గింది, చేపలు, పీతలు, రొయ్యలు తిరిగి వచ్చాయి. 2002లో ఆ జాబితా నుంచి సరస్సు బయటపడింది. ఆ తీరంలో వలలు వేసే నోలియాల్లో తెలుగు మాట్లాడే మనవాళ్లున్నారు. వారికి ఈ సంగతి పుస్తకంలో చదవనక్కరలేదు. కలుపును చంపే ముందు అది ఎందుకు పెరిగిందని అడిగారు, జవాబు నీటిలో దొరికింది. ప్రతిచోటా ఇలా జరగదు. ఫ్రీమాంట్‌లో మందు తప్పలేదు. కానీ మందు మొదటి మాట కాకూడదు, చివరి మాట కావాలి.

యవ్వనస్థులారా, ఇప్పుడు మనం చేయగలిగిన పని చెబుతాం. మీలో చదువుకున్నవారున్నారు, ఫోనులో టెండరు నోటీసు తెరిచి చదవగలిగినవారున్నారు. మీ జిల్లాలో అటవీ శాఖ గాని, పురపాలక సంఘం గాని, నీటిపారుదల శాఖ గాని కలుపు తొలగింపు పని ఇచ్చినప్పుడు ఆ కాగితం చదవండి. దొరకకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చదివేటప్పుడు ఈ ప్రశ్నలు పక్కన పెట్టుకోండి.

తీసే మొక్క ఏది, దాన్ని గుర్తుపట్టింది ఎవరు? అందులో గూడు కట్టే ప్రాణి ఏది, అది గుడ్లు పెట్టే నెలల్లో పని ఆపుతారా? పీకడం, నరకడం ప్రయత్నించాకే మందు దగ్గరికి వచ్చారా? మందు పేరు, డబ్బా మీది రంగు రాశారా? చేతి తొడుగులు, బూట్లు, కళ్లద్దాలు, కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు ఎవరి ఖర్చు? కాలిఫోర్నియాలో మందు పట్టే పనివాడికి అర్థమయ్యే రీతిలోనే శిక్షణ ఇవ్వాలని నిబంధన ఉంది. మన దగ్గర తమిళనాడులో తెలుగు కూలీకి, మహారాష్ట్రలో తెలుగు కూలీకి ఏ భాషలో చెబుతున్నారు? కూలి బ్యాంకులో పడుతుందా, మేస్త్రీ చేతిలో పడుతుందా? జబ్బు చేస్తే వైద్యం ఎవరిది? మొక్క తీసిన చోట ఏం నాటుతారు, ఎన్నేళ్లు చూస్తారు? సర్కారు తుమ్మ గింజలు నేలలో ఏళ్ల తరబడి ప్రాణంతో ఉంటాయి. ఒక్క ఏడాది కాంట్రాక్టు ఇచ్చి చేతులు దులుపుకుంటే అది బిల్లు కోసం చేసిన పని, తీరం కోసం చేసినది కాదు.

ఇంకొక్క మాట, ఇది ఇంటి మాట. మన సంఘాలకు ఆవరణలున్నాయి, సమాధుల తోటలున్నాయి. నవంబరు వస్తుందంటే, ఈస్టరు వస్తుందంటే తోట శుభ్రం చేయించడానికి ఎవరో ఒకరికి గుత్తకు ఇస్తాం. కంప కొట్టిస్తాం, గడ్డికి మందు కొట్టిస్తాం. ఆ గుత్త కాగితం అటవీ శాఖ టెండరు కంటే చాలా చిన్నది, మన చేతిలో ఉన్నది. ప్రభుత్వాన్ని అడిగే ముందు దాన్ని బల్ల మీద పెట్టండి. సంఘ పెద్దలు, యువజన సంఘం కలిసి కూర్చుని పై ప్రశ్నలన్నీ అందులో రాయండి. తొడుగులు, బూట్లు సంఘమే కొని ఉంచండి. వీలైనచోట మందు మాని, యువకులే పార పట్టండి. మన గోడ మనం కట్టుకున్నప్పుడే పక్కింటి మిద్దె గురించి మాట్లాడే ధైర్యం వస్తుంది.

ఆదికాండములో దేవుడు మనిషిని తోటలో పెట్టింది దాన్ని సేద్యపరచడానికీ కాయడానికీ. ఈ రెండూ కలిసే ఉన్నాయి. కలుపు తీయడం సేద్యం. గూడు చూసి ఆగడం, పనివాడి చుట్టూ గోడ కట్టడం కాయడం. ఒకటి చేసి ఒకటి విడిచిపెడితే తోట మనకు అప్పగించినవాడికి లెక్క అప్పగించలేం.

ప్రార్థన చేసుకుందాం. సృష్టికర్తవైన దేవా, ఉప్పుటేరులో గూడు కట్టుకున్న పక్షిని నీవు చూస్తున్నావు. పంపు వీపున వేసుకుని బురదలో నడిచే మా అన్నను, అతని చొక్కా ఉతికే మా అక్కను నీవు చూస్తున్నావు. వారిని చూసే కళ్లు మాకు ఇవ్వు. వారి కోసం ఒక్క వాక్యమైనా రాయించే ధైర్యం మాకు ఇవ్వు. యేసు క్రీస్తు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.